బోనులో తడి

గోడ గడియారంలో మూడు దాటి రెండు నిమిషాలు, నాలుక్కల్లా వాళ్లొస్తారు, ఈ గంటసేపు ఈ కుక్కపిల్ల బిగబట్టుకోవాలి, ఉచ్చ పోసిందంటే దాని బతుకు అయిపోయినట్టే. గోపీనాథ్ పొద్దున కారెక్కుతూ చెప్పిన మాట అదే, ఊరికే బెదిరించే మనిషి కాదతను. "ఈపొద్దు కూడా బోనులో పోసిందంటే సాయంత్రమే ఎత్తుకపోయి కుందారపల్లి దగ్గర హైవేలో వదిలేసి వస్తా, నావల్ల కాదింక" అన్నాడు. అతని భార్య భువన ముందు సీట్లో కూర్చుని అద్దంలో బొట్టు చూసుకుంటోంది, కుక్కపిల్ల కావాలని బెంగళూరు దాకా వెళ్లి తెచ్చుకున్నది ఆమే. కృష్ణగిరిలో చుట్టాలింట్లో సీమంతమట, వెళ్లారు. ఇంట్లో మిగిలింది ముగ్గురం. లోపలి గదిలో మంచం మీద గోపీనాథ్ తల్లి రామలక్ష్మమ్మ, హాల్లో దేవుడి గది పక్కన ఇనుప చువ్వల బోనులో మూడు నెలల కుక్కపిల్ల, దానికెదురుగా నేల మీద నేను, పచ్చయమ్మను, ఈ ఇంటి పనిమనిషిని. పన్నెండు గంటలకు బోనులో పెట్టి తాళం వేసి వెళ్లారు. ఇదివరకు తాళం ఉండేది కాదు. నేను జాలిపడి మధ్యమధ్యలో వదిలేస్తున్నానని, అందుకే అది నేర్చుకోవడం లేదని, గోపీనాథ్ సూట్‌కేసుకు వేసే చిన్న తాళం తెచ్చి బిగించాడు. తాళంచెవి పెద్దామె బొడ్లో ఉంది. ఆమె గురక ఇక్కడికి వినిపిస్తోంది. కుక్కపిల్ల ఇప్పటిదాకా పడుకుంది, ఇప్పుడే లేచింది, నన్ను చూసి తోక ఊపింది, ఊపకు, ఊపితే జారిపోతుంది, పడుకో.

పడుకోదు. నీళ్ల గిన్నె ఖాళీ చేసింది, నాలుకతో అంచు నాకుతోంది, బుద్ధి లేకపోతే సరి, నాకు ఉన్న తెలివి దానికి లేదు, నేను ఈ ఇంటికి వచ్చే రోజున పొద్దున కాఫీ తప్ప గొంతులో చుక్క పోయను. ఈ ఇంట్లో మూడు బాత్రూములున్నాయి. మూడూ నేనే కడుగుతాను, యాసిడ్ పోసి, పీచు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, గోపీనాథ్ గదిలోదానికి అద్దం కూడా తుడుస్తాను, ఒక్కదాంట్లోనూ నేను కూర్చోకూడదు. ఎవరూ నోరు తెరిచి కూర్చోవద్దనలేదు. చేరిన రోజునే పెద్దామె వెనక వైపు ఖాళీ స్థలం చూపించి, "ఆ సైటు ఎవురిదో, అవసరమైతే ఆడికి పో పచ్చయమ్మా, లోపల మా కోడలికి వాసనలు పడవు" అంది, అంతే, చట్టం అయిపోయింది. నాలుగేళ్లు ఆ సైటులో ముళ్ల పొదల చాటున గడిచాయి. ఇప్పుడక్కడ ఎవరో ఇల్లు కడుతున్నారు. పొదలు కొట్టేశారు, పునాది లేచింది, మొదటి అంతస్తుకు కట్టిన సారవ కర్రల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేస్త్రీలు నిలబడి ఉంటారు. రెండు నెలలుగా నేను పది నుంచి ఐదు దాకా బిగబట్టుకునే బతుకుతున్నాను. నాకూ బోను ఉంది, తాళం కనబడదు, అంతే తేడా. ఇప్పుడు పొత్తికడుపులో రాయి పెట్టినట్టుంది, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను, బోనులో అదీ వెనక కాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటున్నాం.

పదకొండు రోజుల్లో తొమ్మిదిసార్లు పోసింది. గోపీనాథ్‌కు తళిలో గులాబీల గ్రీన్‌హౌసు ఉంది, మొక్కకు చుక్క లెక్కన నీళ్లు పోసి పెంచే మనిషి, ప్రతిదానికీ ఒక పద్ధతి ఉందంటాడు. కుక్క పడుకునే చోట మలినం చేసుకోదు, అందుకే బోనులో పెడితే దానంతట అదే బిగబట్టుకోవడం నేర్చుకుంటుందని కంప్యూటర్లో చదివాడు. చదివాడు కాబట్టి నిజం. ఇది మాత్రం ఆ చదువు చదవలేదు. పోసినప్పుడల్లా మెడ పట్టి మూతిని ఆ తడిలో రుద్దుతాడు, పేపరు చుట్టి ముక్కు మీద కొడతాడు, అది కేర్ మంటుంది, భువన "చాల్లే గోపీ" అని టీవీ శబ్దం పెంచుతుంది. తర్వాత నా వంతు. బోను అడుగు రేకు తీసి కడిగి, గుడ్డ మార్చి, ఆ పైన పెద్దామె పని. దేవుడి గది పక్కన కుక్కను పెట్టడమే ఆమెకు ఇష్టం లేదు, మెట్ల కింద అక్కడ తప్ప బోను పట్టలేదు, అందుకని ఒప్పుకుంటూ షరతు పెట్టింది, పొద్దునా సాయంత్రం, అది పోసిన ప్రతిసారీ, బోనంతా ఆవు పంచితం చల్లి శుద్ధి చేయాలని. గోమూత్రం సీసా దేవుడి గదిలోనే ఉంటుంది, ఆ గడప నేను దాటకూడదు, ఆమే చిన్న ఇత్తడి గిన్నెలో పోసి ఇస్తుంది, నేను మామిడాకుతో చల్లుతాను, రేకు మీద, గుడ్డ మీద, చువ్వల మీద. మైల పోయిందంటుంది ఆమె. మైల ఎక్కడికీ పోలేదు, రోజూ తిరిగి అక్కడే పుడుతోంది.

మూడూ పది. మూలిగింది. సన్నగా, గొంతు లోపల. ఈ మూలుగు నాకు తెలుసు. మనుషులు కూడా ఇలాగే మూలుగుతారు, నోరు తెరవకుండా, పక్కవాళ్లకు తప్ప వినబడకుండా, అముద నా పక్క స్టూలు మీద కూర్చుని మూలిగేది. తొమ్మిదేళ్లయింది. సిప్‌కాట్‌లో, ఆ ఫ్యాక్టరీల పేటలో, ఒక కంపెనీ, పేరెందుకు, మోటార్లలోకి రాగి తీగ చుట్టే పని, నలభై మంది ఆడవాళ్లం రెండు బెంచీలకు ఇటూ అటూ. బాత్రూముకు వెళ్లాలంటే చెక్క బిళ్ల కావాలి. నలభై మందికి ఒకటే బిళ్ల. అది మేకుకు వేలాడుతూ ఉండేది మొదట్లో, తర్వాత దాన్ని నా చేతికిచ్చారు. ఎందుకంటే నేను నోరున్నదాన్ని, తెలుగు తమిళం కన్నడం మూడూ గోడల మీద బస్సుల మీద చూసి చదవడం నేర్చుకున్నదాన్ని, నన్ను లైన్ లీడరును చేస్తే మిగతావాళ్లు అణిగి ఉంటారని సూపర్‌వైజర్ ఈశ్వరప్పకు తెలుసు. వాడు తెలివైనవాడు, తాళం చెవిని బోనులోని వాళ్లలో ఒకరికే ఇచ్చాడు. గంటకు ఇద్దరు, మనిషికి ఐదు నిమిషాలు. నేను లెక్క తప్పనిచ్చేదాన్ని కాదు. గర్వంగా ఉండేది, చెబితే ఇప్పుడు నాకే నోరు కడుక్కోవాలనిపిస్తుంది, బిళ్ల నడుముకు దోపుకుని బెంచీల మధ్య తిరిగేదాన్ని, ఎవరు నిజంగా ఆగలేకపోతున్నారో ఎవరు నటిస్తున్నారో నాకు తెలుసని అనుకునేదాన్ని.

అముదకు అప్పుడు ఐదో నెల. కుందారపల్లి నుంచి పొద్దున ఐదున్నర బస్సుకు వచ్చేది. ఆ రోజు రెండోసారి చెయ్యి చాపింది. "అక్కా, బిళ్ల ఇయ్యక్కా, ఆగలేకున్నా" అంది. "ఇప్పుడే కదా పోయొచ్చినావు? ఇంకొకరి వంతు. పది నిమిషాలు బిగబట్టుకో" అన్నాను నేను. నేనే అన్నాను, ఈశ్వరప్ప కాదు, మేనేజర్ కాదు, ఈ నోరే. మళ్లీ అడగలేదు. తల వంచుకుని తీగ చుట్టింది, ఆ మూలుగు మూలిగింది, కాసేపటికి అదీ ఆగింది, స్టూలు కింద నేల మీద నీళ్లు పాకాయి, ఎదుటి బెంచీలో ఒకతి చెప్పులు పైకి లాక్కుంది. ఈశ్వరప్ప వచ్చి చూసి నవ్వాడు. "బర్రెలు నయం కదమ్మా" అని, గుడ్డ తెచ్చి అముద చేతికే ఇచ్చి తుడవమన్నాడు. ఐదో నెల కడుపుతో మోకాళ్ల మీద వంగి తుడిచింది. ముప్పైతొమ్మిది మందిమి చూశాం. బిళ్ల నా నడుములో ఉంది. ఆ తర్వాత అముద బిళ్ల అడగలేదు. నీళ్లు తాగడం మానేసింది. జూన్ నెల, పైన రేకులు, మధ్యాహ్నం అన్నం కూడా నీళ్లు లేకుండా మింగేది, ఒళ్లు కాలుతున్నా పనికి వచ్చేది, మూత్రం మంటలని ఒకసారి ఎవరితోనో అంటే విన్నాను. ఏడో నెలలో జ్వరం తలకెక్కి నొప్పులొచ్చి బిడ్డ పోయింది. నేను చూడ్డానికి వెళ్లాను, హైవే పక్కన దిగి పావు మైలు నడిచి. వాళ్ల అత్త చెంబుతో నీళ్లిచ్చింది. దాహంగా ఉంది, గటగటా తాగాను, తాగుతుంటే అముద గోడకు ఆనుకుని నా గొంతు వైపు చూస్తోంది, కదులుతున్న గొంతు వైపు. తిట్టి ఉంటే బాగుండేది. మరుసటి రోజు బిళ్లను ఈశ్వరప్ప టేబుల్ మీద విసిరేశాను, తొమ్మిది మందిమి గేటు ముందు కూర్చున్నాం, పదకొండు రోజులు కూర్చున్నాం, అరిచాం, గోడల మీద రాశాం, మా ఫోటోలు అన్ని కంపెనీల గేట్లకూ చేరాయి, ఎవరూ పనిలో పెట్టుకోలేదు. అందుకే ఇక్కడ యాసిడ్ పీచు పట్టుకుని ఉన్నాను. గేటు ముందు కూర్చున్న సంగతి అందరికీ చెబుతాను. బిళ్ల నా నడుములో ఉన్న సంగతి చెప్పను.

మూడున్నర. తిరుగుతోంది. బోనులో చుట్టూ చుట్టూ, ముక్కు రేకుకు ఆనించి. ఇదీ నాకు తెలుసు, ఇలా తిరిగిందంటే ఇక కూర్చుంటుంది. "వద్దురా, వద్దు" అని చువ్వల్లోంచి వేలు పెట్టాను, ముక్కు పైకెత్తింది, వేలు నాకింది, మళ్లీ ముక్కు కిందికి దించి అదే మూల. ఏం వెతుకుతోంది? పడుకునే చోట పోయదన్నాడు కదా కంప్యూటరువాడు, మరి దీనికి ఇది పడుకునే చోటులా కనబడటం లేదా, దేనిలా కనబడుతోంది? నేనూ వంగాను. చువ్వలకు ముక్కు ఆనించి పీల్చాను. పొద్దున నా చేతులతోనే చల్లాను, రేకు ఇంకా ఆ వాసనే కొడుతోంది. మొన్న పెద్దామె చెయ్యి వణికి గిన్నెలోని పంచితం వంటింటి మెట్టు మీద ఒలికింది, అప్పుడు నేను దీన్ని పెరట్లోకి వదిలి ఉన్నాను, పెరడంతా వదిలేసి పరుగున వచ్చి సరిగ్గా ఆ మెట్టు మీదే పోసింది, చీపురుతో ఒకటి వేశాను, బుద్ధి లేదా నీకు అన్నాను. బుద్ధి లేనిది దానికి కాదు. మూత్రం వాసన ఎక్కడుంటే అక్కడ పోయాలి, అంతే కదా దానికి తెలిసిన చదువు, తల్లి దగ్గర నేర్చుకున్నది అదొక్కటే, మేము రోజుకు రెండుసార్లు, పోసినప్పుడల్లా మళ్లీ ఒకసారి, ఇదే నీ దొడ్డి, ఇక్కడే పొయ్యి అని మామిడాకుతో చల్లి మరీ దానికి చెబుతున్నాం, పోశాక పేపరుతో కొడుతున్నాం. పదకొండు రోజులు. చల్లింది నేనే. మళ్లీ నేనే.

లోపలికి పరుగెత్తాను, పరుగెత్తితే నా కడుపులో రాయి కదిలింది, గోడ పట్టుకున్నాను. "పెద్దమ్మా, పెద్దమ్మా, లేయమ్మా, తాళంచెవి ఇయ్యి."

రామలక్ష్మమ్మ కళ్లు తెరిచింది. "ఏమే, ఏమాయ?"

"కుక్కపిల్ల ఆగలేకుంది. బయట పోయించుకొని వస్తా."

"నాలుగు దాకా తెరవొద్దని గోపి చెప్పిపోయినాడు కదా. అది నేర్చుకోవల్ల."

"అది నేర్చుకునేసింది పెద్దమ్మా. మనమే నేర్పించినాం. ఆ పంచితం వాసనకే అది బోనులో పోస్తా ఉండేది."

ఆమె లేచి కూర్చుంది. నిద్ర మొత్తం పోయింది. "నోరు కడుక్కో ముందు. ఆవు పంచితం యాడ, కుక్క ఉచ్చ యాడ? మా అత్త కాలం నుంచి ఈ ఇంట్లో చల్లతా ఉండాము. నువ్వొచ్చి తప్పు పడతావా?"

"దేవుడికి తేడా తెలుస్తుంది పెద్దమ్మా. కుక్కకు తెలీదు."

"జెండాలు పట్టుకొని తిరిగిన నోరు, పోతుందా యాడికన్నా" అని అటు తిరిగి పడుకుంది, తాళంచెవి దోపుకున్న వైపు కిందికి పెట్టుకుని. ఈ ముసలామె చెడ్డదని చెప్పలేను, నాకు జ్వరమొస్తే మిరియాల కషాయం కాచి ఇచ్చింది, దూరం నుంచే పోసి ఇచ్చింది. ఈశ్వరప్పను తిట్టడం సులభం. ఈమెను ఏమని తిట్టాలి, ఎవరి మంచికోసం వాళ్లు చేసుకుంటున్నారు, మధ్యలో ఒక పిల్ల ప్రాణం హైవే మీదికి పోతోంది, అక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు, లారీలు ఆగవు, మూడు నెలలది, దానికి అటు చూడాలో ఇటు చూడాలో తెలియదు, వాసన పట్టుకుని పోతుంది, అంతే.

మూడూ ముప్పైఎనిమిది. ఈ బోను తెరిస్తే నా పని పోతుంది. తెరవకపోతే అది పోతుంది. పది నిమిషాలు బిగబట్టుకో అనడం ఎంత తేలిక, చెప్పేవాళ్ల కడుపులో ఏమీ ఉండదు కాబట్టి, ఆ రోజు నా కడుపులోనూ ఏమీ లేదు, నేను అప్పుడే వెళ్లి వచ్చి ఉన్నాను, లీడరును కదా, నాకు వంతుల లెక్క లేదు. వంటింట్లోకి వెళ్లాను. దోసె తిప్పే అట్లకాడ ఇనుపది, గట్టిది. తాళం కొంకిలో దూర్చి మెలిపెట్టాను. సూట్‌కేసు తాళం, దానికెంత బలం, ఒక మెలికకు వంగింది, రెండో మెలికకు టప్ మని ఊడి టైల్సు మీద పడింది. లోపల గురక లేదు. "ఏమే అది? ఏమి శబ్దం?" బోను తలుపు తీశాను, కుక్కపిల్లను చంకలో పెట్టుకున్నాను, పొట్ట బంతిలా ఉంది, నొక్కితే పోస్తుంది, నొక్కకుండా, నా పొట్ట కూడా నొక్కుకోకుండా, హాలు దాటి వంటిల్లు దాటి మెట్టు దాటి పెరట్లోకి.

పెరడంతా సిమెంటే, కరివేపాకు చెట్టు చుట్టూ మాత్రం చాపంత మట్టి. అక్కడ దింపాను. పొయ్యి. పొయ్యరా. నిలబడింది. మట్టి వాసన చూసింది, ఆకు వాసన చూసింది, చెట్టు చుట్టూ తిరిగింది, కూర్చోలేదు. మూలుగుతూ ఇంటి వైపు పరుగెత్తింది. పట్టుకొచ్చాను. మళ్లీ పరుగెత్తింది, వంటింటి తలుపు వేశాను, తలుపు గీకుతోంది, లోపలికి పోనీ అంటోంది, బోనులోకి పోనీ, నా దొడ్డి అక్కడుంది, అక్కడ పోసుకుంటాను, కొట్టినా సరే. దీన్ని ఇలా చేశాం. పంచితం సీసా దేవుడి గదిలో, రెండు చుక్కలు ఈ మట్టి మీద చల్లితే చాలు, ఆ గడప దగ్గర ఇప్పుడు పెద్దామె కర్ర చప్పుడు వినిపిస్తోంది. "పచ్చయమ్మా! బోను పగలగొట్టినావా ఏమే! గోపి రానీ!" వీధి చివర హారన్ మోగింది. వాళ్లదే, ఆ మలుపులో ఎప్పుడూ రెండుసార్లు కొడతాడు. కుక్కపిల్ల తలుపు దగ్గరే నడుము వంచుతోంది, మెట్టు మీద, ఇంట్లోకి ఆనుకుని, అక్కడ పోస్తే ఇంట్లో పోసినట్టే లెక్క, మెడ పట్టుకుని మళ్లీ మట్టి దగ్గరికి తెచ్చాను. వాసన కావాలి దీనికి. ఇక్కడ ఏ వాసనా లేదు. నా దగ్గర తప్ప.

చీర ఎత్తి కరివేపాకు చెట్టు మొదట్లో కూర్చున్నాను.

వెనక సైటులో తాపీ చప్పుడు ఆగింది. సారవ మీద నలుగురైదుగురు. ఒకడు ఈల వేశాడు. "ఏమక్కా, అంత పెద్ద ఇంట్లో ఒక బాత్రూమన్నా లేదా?"

"మూడుండాయి! నాకు లేదు!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే నా గొంతు నాకే కంపెనీ గేటు ముందటి గొంతులా వినిపించింది. పైన ఇంకొకడు, పెద్దవాడు కాబోలు, "తిరుక్కోరా అట్ల, నీ ఇంట్లో ఆడోళ్లు లేరా" అని ఆ ఈల వేసినవాడి నెత్తిన ఒకటిచ్చాడు. రాదు మొదట, రెండు నెలలుగా ఆపిన కడుపు ఆపు అంటే వింటుంది కాని పో అంటే వినదు, మండుతుంది, సిగ్గుతో కాదు, నిజంగానే మంట, కళ్లు మూసుకున్నాను, తర్వాత వచ్చింది. వెచ్చగా మట్టిలోకి, ఆగకుండా. కుక్కపిల్ల మూలుగు మానేసింది. చెవులు నిక్కబొడుచుకుని దగ్గరికొచ్చింది, నా పాదం వాసన చూసింది, తడి మట్టి వాసన చూసింది, చుట్టూ ఒకసారి తిరిగింది, నా పక్కనే, నేను లేవకముందే, నడుము వంచి కూర్చుంది. వచ్చింది దానికి.

వంటింటి తలుపు తెరుచుకుంది. గోపీనాథ్, వెనక పట్టుచీరలో భువన, ఆమె వెనక కర్ర పట్టుకుని రామలక్ష్మమ్మ. నేను చీర దించుకుని లేచి నిలబడ్డాను. అతని కళ్లు నా మొహం మీద, మట్టి మీద, కుక్కపిల్ల మీద, మళ్లీ నా మొహం మీద.

"ఏం చేస్తా ఉండావు నువ్వు?"

"నేర్పిస్తా ఉండానప్పా."

"సిగ్గు లేదా నీకు? పెరట్లో... మనుషులు చూస్తా ఉంటే..."

"బోనులో చూడుపో. పొడిగా ఉంది" అన్నాను. "తొమ్మిదిసార్లు కొట్టినావే, ఒక్కసారన్నా బోను వాసన చూసినావా? పంచితం చల్లిన చోటంతా దానికి దొడ్డే. నేనే చల్లినాను. ఇంక చల్లొద్దండి. ఆ గుడ్డ పారేసి, ఈ మట్టి కాడికి తీసుకురండి, పూటకోతూరి. ఈడే పోస్తుంది."

"వింటివా దాని మాటలు!" అంది పెద్దామె. గోపీనాథ్ ఆమె వైపు చూడలేదు. భువన కుక్కపిల్ల వైపు చూస్తోంది, పట్టుచీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని, చంకలో సీమంతంలో ఇచ్చిన తాంబూలం సంచితో. "బయట పోసింది గోపీ" అంది మెల్లగా. "చూడు. బయట పోసింది. ఇంక నువ్వు హైవే మాట ఎత్తొద్దు." పంచితం సంగతి రేపు పొద్దున ఆ ఇంట్లో ఎవరు మాట్లాడతారో, ఆ మామిడాకు ఎవరి చేతికి ఇస్తారో నాకు తెలియదు. నా చేతికి మాత్రం ఇవ్వరు.

"నువ్వు పో" అన్నాడు గోపీనాథ్ నాతో. "ఇప్పుడే పో. రేపట్నించి రావాకు."

"పోతానప్పా" అన్నాను.

కుక్కపిల్ల రెండడుగులు జరిగి మళ్లీ కూర్చుంది, అతను దాన్ని ఎత్తుకోవడానికి వంగాడు. నేను అడ్డం నిలబడ్డాను. అతను నా కంటే అడుగు ఎత్తు, ఆగాడు ఎందుకో.

"మధ్యలో ఆపాకు. అది అయిపోనీ, నేను పోతా."

పెద్దామె కర్ర నేలకు ఆనించి నిలబడింది. భువన కుచ్చెళ్లు వదలలేదు. అందరం ఆ చాపంత మట్టి చుట్టూ నిలబడి దానికోసం ఎదురుచూస్తున్నాం. పన్నెండు గంటల నుంచి ఆపుకున్నది, చాలా ఉంది దాని దగ్గర. అది తొందరపడలేదు.